మన గవినిలోని పరదేశి: నాటాల్, కరీబియన్ వలసల అనుభవము – కృష్ణా మెట్ట ప్రాంత సంఘముల బాధ్యత

ఉపోద్ఘాతము

2020 మార్చి నెలాఖరులో జగ్గయ్యపేట ప్రక్కనున్న గరికపాడు చెక్‌పోస్టు దగ్గర జరిగినదానిని మన ప్రాంతములోని కాపరులు మరచిపోలేదు. లాక్‌డౌన్ ప్రకటించగానే హైదరాబాదులో హాస్టళ్లు మూతపడ్డాయి. అక్కడ చదువుకునే, ఉద్యోగము చేసుకునే మన బిడ్డలు వందలాదిగా చేతిలో అనుమతి పత్రములతో స్వగ్రామములకు బయలుదేరారు. రాష్ట్ర సరిహద్దులో వారి ప్రయాణము ఆగిపోయింది. పుట్టిన జిల్లా కంటికి కనిపిస్తూనే ఉన్నది, అందులో అడుగు పెట్టే వీలు మాత్రము లేదు. తరువాతి వారములలో అదే జాతీయ రహదారి మీద ఉత్తరాది కూలీలు మూటలు నెత్తిన పెట్టుకొని నడచి వెళ్లారు. మన బిడ్డల కొరకు మన సంఘములు కన్నీటితో ప్రార్థించాయి. నడచి వెళ్లిన వారిలో కొందరు మన సిమెంటు ఫ్యాక్టరీలలోనే ఏండ్ల తరబడి పనిచేసినవారు. వారి పేర్లు మనలో ఎందరికి తెలుసు?

క్రొత్త దేశములో, క్రొత్త ప్రాంతములో మనిషి నిలదొక్కుకొనుట అంటే ఏమిటి, అందులో సంఘము పాత్ర ఏమిటి అన్నది ఈ వ్యాసములో పరిశీలించే విషయము. దీనికై మూడు అనుభవములను చూద్దాము. మొదటిది, తెలుగువారు కూలీలుగా కరీబియన్ దీవులకు, దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు వెళ్లిన చరిత్ర. రెండవది, ఆ కరీబియన్ ప్రజలే ఇరవయ్యవ శతాబ్దములో బ్రిటనుకు వెళ్లినప్పుడు అక్కడి సంఘములలో పొందిన ఆదరణ, నిరాదరణ. మూడవది, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములలోని మన పరిస్థితి.

1. పరిశుద్ధ గ్రంథములో పరదేశి

మన తెలుగు బైబిలులో "పరదేశి" అని కనిపించే మాట వెనుక హెబ్రీ భాషలో ఒకటి కంటె ఎక్కువ పదములున్నవి. "గేర్" అనగా వేరొక చోటనుండి వచ్చి ఇశ్రాయేలీయుల మధ్య స్థిరముగా నివసించువాడు. "నొక్రి" అనగా బయటివాడు, వ్యాపారము మీదనో మరొక పని మీదనో వచ్చి పోవువాడు. ధర్మశాస్త్రము ప్రత్యేకముగా కాపాడినది గేర్‌ను. అతనికి సొంత పొలము లేదు, అండగా నిలిచే బంధువర్గము లేదు. అందుచేత విధవరాలు, తండ్రిలేనివాడు, పరదేశి అను ముగ్గురిని ద్వితీయోపదేశకాండము తరచుగా ఒకే వరుసలో చేర్చినది. లేవీయకాండము 19:33-34 ఇంకొక అడుగు ముందుకు వేసి, పరదేశిని స్వదేశములో పుట్టినవానివలె ఎంచి, తన్నుతాను ప్రేమించుకొనునట్లు ప్రేమించుమని ఆజ్ఞాపించినది. ఇందుకు చూపిన కారణము ఇశ్రాయేలీయుల జ్ఞాపకమే. వారు ఐగుప్తులో పరదేశులుగా బ్రదికినవారు.

క్రొత్త నిబంధనలో "పరోయికోస్" అను గ్రీకు పదమున్నది. ఇంటి ప్రక్కన ఉన్నప్పటికీ ఇంటివాడు కానివాడు అని దాని భావము. ఎఫెసీ 2:19లో పౌలు అన్యజనులు ఇక పరోయికోయి కారని, దేవుని ఇంటివారని బోధించాడు. పేతురు అదే పదమును విశ్వాసులందరికీ వర్తింపజేశాడు (1 పేతురు 2:11). ఇక్కడ కాపరులు గమనించవలసిన విషయమొకటున్నది. మనము రోజూ వాడే "పారిష్" అను మాట "పరోయికియా" అను గ్రీకు పదము నుండి లాటిను ద్వారా వచ్చినది. దాని మూలార్థము పరదేశుల నివాసము. మనము మాత్రము దానిని సరిహద్దు గీతగా, చందాల లెక్కగా చూస్తున్నాము.

2. ఓడలెక్కిన తెలుగువారు

బ్రిటిషు సామ్రాజ్యములోని చాలా భాగములలో 1834లో బానిసత్వము రద్దయింది. చెరకు తోటల యజమానులకు కూలీలు కావలసి వచ్చారు. అప్పుడు పుట్టినదే ఐదేండ్ల ఒప్పందపు కూలి పద్ధతి. "అగ్రిమెంటు" అను మాట కూలీల నోట "గిర్మిట్" అయింది. 1838 నుండి 1917 వరకు ఒక్క బ్రిటిషు గయానాకే సుమారు 2,39,000 మంది భారతీయులు వెళ్లారు. వారిలో మద్రాసు రేవునుండి వెళ్లినవారు సుమారు 15,000 మంది. ఫ్రెంచివారు 1853 నుండి మార్టినిక్‌కు, 1854 నుండి గ్వాడలూప్‌కు దక్షిణ భారతీయులను తీసుకొనిపోయారు. అంతకు ముందే గోదావరి ముఖమునున్న కోరంగి రేవు నుండి మన తీరప్రాంతమువారు బర్మాకు, మారిషసుకు వెళ్లారు. అక్కడ తెలుగువారికి ఆ రేవు పేరే స్థిరపడింది.

కరీబియన్ తోటలలో తెలుగువారికి తమ పేరే మిగలలేదు. తమిళుడైనా తెలుగువాడైనా మద్రాసు ఓడలో వస్తే "మద్రాసీ". ఎక్కువమంది కలకత్తా రేవునుండి వచ్చిన ఉత్తరాదివారు కావడముచేత వారి భోజ్‌పురి, హిందీ భాషలే తోటలలో భారతీయుల భాషలయ్యాయి. ట్రినిడాడ్‌లో 1868లో సేవ ప్రారంభించిన కెనడా ప్రెస్బిటేరియన్ మిషనరీ జాన్ మోర్టన్ హిందీ నేర్చుకొని బోధించాడు. ఆయన పెట్టిన బడులు వేలమందికి వెలుగునిచ్చాయి. ఆ మేలు కాదనలేనిది. అయినను అక్కడి కొద్దిపాటి తెలుగువారికి సువార్త వినవలెనన్నా ముందు ఇంకొకరి భాష నేర్చుకొనవలసి వచ్చినది. రెండు మూడు తరములలో వారి తెలుగు మాసిపోయింది. నేడు వైద్య విద్యకై మన తెలుగు విద్యార్థులు గయానాకు వెళ్తున్నారు. తమకంటె నూటడెబ్బది యేండ్ల ముందే అక్కడ తెలుగు వినిపించినదని వారిలో చాలామందికి తెలియదు.

3. నాటాల్‌లో తెలుగు సంఘము

నాటాల్ చరిత్ర దీనికి భిన్నమైనది. 1860 అక్టోబరులో మద్రాసు రేవు విడిచిన "ట్రూరో" అను ఓడ 342 మందితో నవంబరు 16న డర్బను చేరింది. అది మొదలు 1911లో ఈ పద్ధతి నిలిచిపోయేంతవరకు సుమారు 1,52,000 మంది వెళ్లారు. వారిలో మూడింట రెండు వంతులు మద్రాసు రేవునుండి వెళ్లినవారే. మొదటి సంవత్సరము జీతము నెలకు పది షిల్లింగులు. ఒప్పందము ముగిసిన తరువాత అక్కడే ఉండదలచినవారిపై 1895 నాటి చట్టము ఏటా మూడు పౌనుల పన్ను వేసింది. ఆరు నెలల తొలి జీతము ఆ పన్నుకే సరిపోయేది. ఉండవద్దు, తిరిగి కూలికి రా, లేదా పడవెక్కు అన్నది దాని సారాంశము. 1913లో గాంధీగారి నాయకత్వములో జరిగిన గొప్ప సమ్మె తరువాత, 1914లో ఆ పన్ను రద్దయింది.

వెళ్లినవారిలో నెల్లూరు, ఒంగోలు ప్రాంతముల బాప్టిస్టు విశ్వాసులు కూడా ఉన్నారు. 1876-78 కరవు, ఆ తరువాత 1878లో ఒంగోలు మిషనులో జరిగిన సామూహిక బాప్తిస్మములు మన చరిత్రలో ప్రసిద్ధములు. అలా ప్రభువును ఎరిగిన పేద కుటుంబములలో కొన్ని నాటాల్ తోటలకు చేరినవి. తమ భాషలో వాక్యము చెప్పే కాపరి కావలెనని వారు స్వదేశ సంఘములను కోరారు. ఆ పిలుపు విని తెలుగు బాప్టిస్టు సంఘములు తమ సొంత చందాలతో జాన్ రంగయ్యగారిని పంపినవి. ఆయన 1903లో డర్బను చేరి, ఆ సంవత్సరాంతమునకే కియర్స్నీ తేయాకు తోటలో మొదటి తెలుగు బాప్టిస్టు సంఘమును ఏర్పాటు చేశారు. 1915లో అక్కడే ప్రభువునందు నిద్రించారు.

దీనిని మిషను చరిత్రలో ఒక చిన్న సంఘటనగా చూసి విడిచిపెట్టరాదు. వారికి తెల్లవారి సంఘము అందుబాటులో లేదని కాదు. వారు అడిగినది తమ భాషలో ప్రార్థించుకునే చోటు. వారమునకు ఆరు దినములు తోటలో ఒక సంఖ్యగా బ్రదికినవాడు ఏడవ దినమున పేరుతో పిలువబడినాడు. అక్షరము రానివాడు కీర్తన ద్వారా అక్షరము నేర్చుకున్నాడు. పెండ్లి, ప్రసవము, మరణము అను మూడు సందర్భములలోను ప్రక్కన నిలిచే మనుషులు దొరికారు. నిలదొక్కుకొనుట అంటే ఇదే.

అయితే ఇందులో మనల్ని ఆలోచింపజేసే రెండవ భాగమున్నది. 1931లో డర్బనులో ఆంధ్ర మహాసభ ఏర్పడి తెలుగును నిలుపుటకు పాటుపడింది. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టము క్రింద భారతీయులు తాము కట్టుకున్న ఇండ్లనుండి మరల తరలింపబడి ఛాట్స్‌వర్త్ వంటి కాలనీలకు చేరవలసి వచ్చింది. రెండవసారి వలస! ఈలోగా బిడ్డల భాష ఇంగ్లీషు అయింది. నేడు ఆ సంఘముల ఆరాధన ప్రధానముగా ఇంగ్లీషులో జరుగుచున్నది. తెలుగు సంఘముగా పుట్టినది తెలుగును దాటి బ్రదికినది. దీనిని కొందరు నష్టమంటారు. నేను నష్టమని మాత్రమే అనలేను. భాష మొదటి తరమునకు ఊతకర్ర. మనుమలను కూడా ఆ కర్రతోనే నడవమంటే వారు సంఘమునే విడిచిపోయేవారు.

4. కరీబియనులు బ్రిటను గుమ్మము ముందు

1948 జూన్ 22న "ఎంపైర్ విండ్రష్" అను ఓడ లండను సమీపములోని టిల్బరీ రేవుకు చేరింది. అందులో ఎనిమిది వందల మందికి పైగా కరీబియన్ దీవులవారు. యుద్ధములో దెబ్బతిన్న బ్రిటనుకు పనివారు కావలసి వచ్చారు. బస్సులు, రైళ్లు, ఆసుపత్రులు వారి చేతులతో నడిచినవి. వారిలో చాలామంది క్రైస్తవులు. ఆంగ్లికనులు, మెతడిస్టులు, బాప్టిస్టులు. ఇంగ్లీషే వారి భాష. కీర్తనలు అవే. ప్రార్థన పుస్తకము అదే. కనుక భాష అడ్డు వచ్చినదని ఇక్కడ చెప్పుటకు లేదు.

అయినను చాలామంది మొదటి ఆదివారమే గాయపడ్డారు. కొన్నిచోట్ల ప్రక్కన కూర్చొనేవారు లేరు. కొన్నిచోట్ల పాదిరిగారే గుమ్మము దగ్గర మర్యాదగా చేయి కలిపి, ఇక రావద్దని సూచించిన అనుభవములు ఆ తరమువారి సాక్ష్యములలో మరల మరల వినిపిస్తాయి. వారు ఇండ్ల ముందు గదులలో ప్రార్థనలు పెట్టుకున్నారు. జమైకా నుండి వచ్చిన ఆలివర్ లైసైట్‌గారు 1953లో వుల్వర్‌హాంప్టన్‌లో అద్దె హాలులో ప్రారంభించిన కూటము తరువాత "న్యూ టెస్టమెంట్ చర్చ్ ఆఫ్ గాడ్"గా దేశమంతటా విస్తరించింది. తిరస్కారము వల్లనే ఈ సంఘములన్నీ పుట్టాయనుట సరికాదు. వారిలో పెంతెకోస్తు విశ్వాసులు స్వదేశమునుండి తమ ఆరాధన రీతిని వెంట తెచ్చుకున్నవారే. అయినప్పటికీ పాత సంఘములు పోగొట్టుకున్నది చిన్నది కాదు. చర్చ్ ఆఫ్ ఇంగ్లండు జనరల్ సినడ్ 2020 ఫిబ్రవరిలో ఈ విషయమై క్షమాపణ కోరింది. అప్పటికి డెబ్బది రెండేండ్లు గడచినవి. క్షమాపణ వినవలసినవారిలో అనేకులు సమాధులలో ఉన్నారు.

కాగితములు లేకపోవుట అనునది కూడా వలసదారుని బ్రదుకులో ఎంత పెద్ద విషయమో అదే చరిత్ర చూపుచున్నది. 1973కు ముందు వచ్చి చట్టప్రకారము స్థిరపడినవారిలో కొందరు తమ నివాసమును రుజువు చేసుకొనలేక ఉద్యోగములు, వైద్యము పోగొట్టుకొనుట, కొందరు దేశమునుండి పంపివేయబడుట 2018లో బయటపడి బ్రిటనులో పెద్ద అలజడి అయింది.

వారు నిలదొక్కుకున్న విధానములో మనకు సుపరిచితమైనది ఒకటున్నది. బ్యాంకులు అప్పు ఇవ్వలేదు. ఇల్లు అద్దెకు ఇచ్చేవారు తక్కువ. అప్పుడు జమైకావారు "పార్డ్‌నర్" వేసుకున్నారు. ట్రినిడాడువారు దానినే "సుసు" అంటారు. పదిమంది చేరి వారమువారము కొంత డబ్బు వేసి, ఒక్కొక్క వంతున ఒక్కొక్కరు మొత్తము తీసుకొనుట. మన ఊళ్లలో ఆడవారు వేసుకొనే చీటీ అది! ఆ చీటీ డబ్బుతో ఎందరో మొదటి ఇల్లు కొన్నారు. చీటీ ఎగవేయకుండా నిలిపినది పరస్పర నమ్మకము. ఆ నమ్మకమును పెంచినవాటిలో ఆదివారపు కూడిక ఒకటి.

5. మన మెట్ట ప్రాంతము

ఇప్పుడు మన ఇంటికి వద్దాము. కృష్ణా మెట్ట సంఘముల పుట్టుకే పరదేశుల సేవతో ముడిపడినది. నందిగామ ప్రాంతములోని రాఘవాపురమునకు చెందిన పగోలు వెంకయ్యగారు 1859లో సి.ఎం.ఎస్. మిషనరీ డార్లింగ్ దొరగారి చేత బాప్తిస్మము పొందుటతో ఇక్కడ దళిత పల్లెలలో సువార్త వేరూనినది. రంగయ్యగారు నెల్లూరు సంఘముల పంపున సముద్రము దాటిన 1903లోనే తిరునెల్వేలిలో భారతీయ మిషనరీ సొసైటీ ఏర్పడి, దోర్నకల్ తెలుగువారి మధ్యకు తమిళ సువార్తికులను పంపినది. దాని స్థాపకులలో ఒకరైన అజరయ్యగారు 1912లో దోర్నకల్ బిషప్పు అయ్యారు. ఆయన తమిళుడు. మన భాష నేర్చుకొని మన పల్లెలలో తిరిగాడు. తరువాత కృష్ణా జిల్లా సి.ఎం.ఎస్. సంఘములు కూడా ఆయన అధ్యక్షత క్రిందికి వచ్చినవి. ఒక పరదేశి మన భాష నేర్చుకున్నందున మనము సంఘముగా నిలిచాము.

ఇప్పుడు మన మధ్యకు వస్తున్నదెవరు? జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి ఉన్నందున సిమెంటు ఫ్యాక్టరీలున్నవి. వాటిలో కాంట్రాక్టు పనికి ఒడిశా, బీహారు, జార్ఖండు నుండి వచ్చినవారున్నారు. నందిగామ వైపు పత్తి తీతకు, మిరపకాయ కోతలకు దూరపు జిల్లాలనుండి ముఠాలుగా వచ్చి పొలముగట్ల మీద పరదాలు కట్టుకొని ఉంటారు. బిడ్డలు బడి మానుకొని వెంట వస్తారు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా కదలలేరు. నూరేండ్ల క్రిందటి గిర్మిట్ ఎంత దూరములో ఉన్నది?

ఇక్కడ నా సొంత తప్పిదమును చెప్పుకొనక తప్పదు. కొన్నేండ్ల క్రిందట నేను సేవ చేసిన సంఘమునకు ఒడిశాకు చెందిన ఒక కూలి కుటుంబము దాదాపు అయిదు నెలలు వచ్చింది. చివరి వరుసలో కూర్చొనేవారు. వారి చేతిలో ఒడియా బైబిలు. నేను వాక్యభాగము ప్రకటించినప్పుడు అధ్యాయము అంకె అర్థము కాక ప్రక్కవారి పుస్తకములోకి తొంగిచూచేవారు. బల్ల దగ్గరకు రావచ్చునా అని ఆయన ఒకసారి సైగతో అడిగితే, సొంత సంఘమునుండి ఉత్తరము తెమ్మని చెప్పాను. అది నియమమే, తప్పు కాదు. కాని ఆ ఉత్తరము తెప్పించుటకు నేను ఒక్క ఫోను కూడా చేయలేదు. తరువాత ఆమె తల్లి స్వగ్రామములో చనిపోయిందని, వెళ్లుటకు డబ్బు లేక వారు తమ గదిలోనే ఇద్దరే కూర్చొని ప్రార్థన చేసుకున్నారని ప్రక్క గదివారు చెప్పారు. నేను వెళ్లేసరికి కాంట్రాక్టు ముగిసి వారు వెళ్లిపోయారు. హాజరు పుస్తకములో వారి పేరు కొరకు వెదికాను. నా చేతివ్రాతలోనే "ఒరిస్సా కుటుంబము" అని ఉన్నది.

నాటాల్ ఓడల జాబితాలలో ప్రతి కూలీ పేరు, తండ్రి పేరు, వయస్సు, జిల్లా, ఊరు వ్రాసేవారు. తప్పుల తడకగా వ్రాసినా వ్రాసేవారు. కూలీని లెక్క తప్పకుండా పట్టుకొనుటకై వ్రాసుకున్నారు, ప్రేమతో కాదు. నేడు మునిమనుమలు ఆ జాబితాలు పట్టుకొనే తమ పూర్వికుల ఊరు వెదుక్కుంటున్నారు. తోటల యజమానుల కొరకు పనిచేసిన గుమాస్తా చేసినపాటి పని కూడా క్రీస్తు సంఘ కాపరిగా నేను చేయలేదు.

6. కాపరులకు కొన్ని సూచనలు

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో యెరూషలేము సంఘము ఎదుర్కొన్నది ఇటువంటి సమస్యనే. గ్రీకు భాష మాటలాడే విధవరాండ్రు అనుదిన పరిచర్యలో విడువబడ్డారు. కావలెనని చేశారని లూకా చెప్పలేదు. కనబడలేదు, అంతే. సంఘము ఏర్పరచుకున్న ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. సణిగినవారి భాష తెలిసినవారి చేతికే పరిచర్యను అప్పగించారు. ఈ వెలుగులో నాలుగు విషయములు మనవి చేస్తాను.

మొదటిది, పేరు. క్రొత్తగా వచ్చినవారి పేరు, ఊరు, సొంత సంఘము, ఇంటి ఫోను నంబరు మొదటి రెండు వారములలో వ్రాసుకొనవలెను. ఆపదలో కబురు చేయుటకు అదే ఆధారము. బల్ల విషయములో అవసరమైన ఉత్తరమును వారిచేత తెమ్మనక కాపరియే తెప్పించవలెను.

రెండవది, భాష. వాక్యభాగమును వారి భాషా బైబిలులో తెరచి చూపించుటకు ఒక యౌవనస్థుని నియమించవచ్చును. నెలకొకసారి వారి భాషలో వారినే ఒక కీర్తన పాడమనవచ్చును. మాలలకొక వరుస, మాదిగలకొక వరుస అయిన చరిత్ర మనకు ఉన్నది గనుక, వేరు గుంపు శాశ్వతముగా వేరు గోడ కాకుండ జాగ్రత్తపడవలెను. నాటాల్‌లో భాష తలుపుగా ఉపయోగపడినది. మన పల్లెలలో కులము గోడగా నిలిచినది.

మూడవది, కాగితము. "ఒకే దేశము, ఒకే రేషన్ కార్డు" విధానము క్రింద పొరుగు రాష్ట్రపు కార్డుతో కూడ ఇక్కడ బియ్యము తీసుకొనవచ్చును. కూలీలలో చాలామందికి ఇది తెలియదు. దుకాణము వరకు వెంట వెళ్లుటయే పరిచర్య. కోతల కాలములో పిల్లలను దగ్గరి బడిలో కూర్చొనబెట్టుటకు ఉపాధ్యాయులైన మన విశ్వాసులు సహాయపడగలరు.

నాలుగవది, మరణము. స్వగ్రామము చేరలేనివానికి మన సమాధుల తోటలో చోటున్నదా? ఈ ప్రశ్నను పాస్టరేట్ కమిటీ ముందుగానే చర్చించి తీర్మానము వ్రాసుకొనవలెను. శవము గుమ్మము ముందున్నప్పుడు చర్చించే విషయము కాదిది. హిత్తీయుల మధ్య పరదేశియైన అబ్రాహాము శారాను పాతిపెట్టుటకు స్థలము అడుగవలసి వచ్చినది (ఆది 23). అతనికి హిత్తీయులు చోటిచ్చారు.

ముగింపు

అమెరికాలో, ఆస్ట్రేలియాలో, గల్ఫులో ఉన్న మన బిడ్డలకు మంచి సంఘము దొరకవలెనని ప్రతి ఆదివారము మన తల్లులు ప్రార్థన చీటీలు వ్రాస్తున్నారు. ఆ ప్రార్థన న్యాయమైనది. ఒడిశాలోని ఒక తల్లి కూడా జగ్గయ్యపేటలో ఉన్న తన బిడ్డ కొరకు అదే ప్రార్థన చేస్తున్నది. ఆమె ప్రార్థనకు జవాబు మన చేతిలో ఉన్నది.

వేదాంత విద్యార్థులకు ఒక మనవి. మీ క్షేత్ర పరిచర్య దినములలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ కాలనీనిగాని ఒక మిరప కోత ముఠానుగాని ఎంచుకొని, వారి ప్రయాణమును వారి మాటలలోనే వ్రాసి పెట్టండి. రంగయ్యగారు ఎక్కడో తేయాకు తోటలో చేసిన పనికి మన పల్లెలలో ఇంకా ఆరంభము కావలసి ఉన్నది. తల వాల్చుటకు స్థలము లేక తిరిగిన మన ప్రభువు, మన గవినిలోని పరదేశిని గుర్తించు కన్నులను మనకు దయచేయును గాక.